ఏడో పువ్వు కింద బల్ల

"బల్ల లేదంటున్నారు బాబాయిగారూ. నా చేత్తో గ్లాసు తీసుకున్న బల్లనే లేదంటే, నేనింకేం చెప్పను?"

కోడలు ఆ మాట ఏడుస్తూ అనలేదు. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టుంది. అరిగిపోయిన గొంతుతో, కూరగాయలు బేరమాడి విసిగిపోయినదానిలా అంది.

ఎదురుగా కూర్చున్న మనిషిని అందరూ నిదానం అంటారు. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు, అడిగిందే రెండుసార్లు అడుగుతాడని తోటివాళ్ళు తగిలించిన తోక. ఉద్యోగం ఊడింది గానీ తోక ఊడలేదు. ఇప్పుడు ఎవరు పిలిస్తే వాళ్ళ తరఫున కూపీలు లాగుతూ బతుకుతున్నాడు. సగం వయసు అరగదీసుకున్న స్టేషన్‌లోకి ఇవాళ బయటివాడిలా చీటీ రాసిచ్చి రావలసి వచ్చింది. అయినా సరే, అడిగిందే మళ్ళీ అడిగాడు.

ఆ అమ్మాయి అత్తగారు బొత్తాల ఫ్యాక్టరీ యజమానురాలు. పోయిన వారం ఫ్యాక్టరీకి పాతికేళ్ళు నిండాయని పొద్దున పూట ఒక హాల్లో సభ పెట్టారు. పెద్దావిడ మైకు ముందు నిలబడి, ఇకనుంచి ఫ్యాక్టరీ నడిపేది నా కోడలే అని చెప్పింది. మధ్యలో గొంతు ఆరిపోతే కోడలు లేచి మంచినీళ్ళ గ్లాసు అందించింది. ఆవిడ తాగింది, మాట్లాడ్డం పూర్తి చేసింది, చప్పట్లు కొట్టించుకుంది, ఇంటికెళ్ళింది. సాయంత్రం సభ తాలూకు డిస్కు వస్తే టీవీలో వేయించుకుని చూసింది కూడా. తెల్లవారేలోపు పోయింది. గుండె ఆగిందన్నారు. ఆ తరవాత పరీక్షల్లో, ఆవిడ వాడే గుండె మందే మోతాదుకి ఎన్నో రెట్లు రక్తంలో ఉందని తేలింది. ఆ మందు రోజూ ఇచ్చేది కోడలే. ఫ్యాక్టరీ దక్కేది కోడలికే. ఇంకేం కావాలి? మధ్యాహ్నం మూడింటికి కోర్టులో నిలబెడతారు. అక్కణ్ణించి జైలుకి.

"గ్లాసు ఎక్కడ తీశావమ్మా?"

"మైకుకి కుడిపక్క, తెర పక్కన చిన్న బల్ల ఉంది. దానిమీద."

"కుడిపక్కంటే ఎవరి కుడి?"

"చూసేవాళ్ళ కుడి. అత్తయ్య మాట్లాడ్డానికి లేచే ముందు హాలు మనిషెవడో తెచ్చి వేశాడు. గ్లాసు నిండే ఉంది, పక్కన జగ్గు ఉంది. ఎవరో పోసి పెట్టారనుకున్నాను. తాగాక అత్తయ్య మొహం చిట్లించింది. చన్నీళ్ళు పడలేదేమో అనుకున్నాను."

హాలు మనిషిని పోలీసులు అడిగారట. ఆ రోజు ఇరవై బల్లలు మోశాను, ఏది ఎక్కడ వేశానో దేవుడికి తెలియాలి అన్నాడట. వేదిక మీది అతిథులందరూ ఎడమవైపు కూర్చున్నారు. కింద కూర్చున్నవాళ్ళలో సగం మంది బల్ల ఉందన్నారు, సగం మంది లేదన్నారు. ఒకాయన తను నిద్రపోయానని నిజాయితీగా ఒప్పుకున్నాడు.

వెళ్ళబోతుంటే ఆ అమ్మాయి ఒకే ఒక్క మాట అడిగింది. "నాన్నమ్మని మీ అమ్మే చంపిందట కదా అని బళ్ళో పిల్లలు మా పాపని అడుగుతున్నారట. పాప వాళ్ళకి ఏం చెప్తోందో కాస్త కనుక్కుంటారా?"

నిదానం తల ఊపి బయటికి వచ్చాడు. ఆ అమ్మాయిని కట్టుకున్నవాడు ఇంతవరకు స్టేషన్ మెట్లెక్కలేదు. తల్లి పోయిన దుఃఖంలో ఉన్నాడు, ఎవరిని నమ్మాలో తెలియడం లేదు అని కబురు పంపాడు. ఈ కేసు నిదానం చేతిలో పెట్టింది పెద్దావిడ తమ్ముడు. ఇంటిల్లిపాదీ ఆయన్ని మేనమామ అనే అంటారు. ఫ్యాక్టరీ లెక్కలూ లావాదేవీలూ ఆయనే చూసుకుంటాడు, ఇక అవి కోడలికి అప్పజెప్పాలి. ఆ పిల్ల చీమకి కూడా హాని చెయ్యదు, అక్క పోయింది, ఇంటి దీపం కూడా ఆరిపోకూడదు అని నిదానం చేతులు పట్టుకున్నాడు. పోలీసులు తీసుకుపోయిన డిస్కు కాకుండా ఆ సభ వీడియో ఇంకెక్కడైనా ఉందేమో వెతకమన్నాడు. దొరికితే ముందు తన చేతికే ఇమ్మన్నాడు, పోలీసుల చేతికి వెళ్తే మాయం చేస్తారని. స్టూడియో ఎక్కడని అడిగితే, అలాంటివి తనకేం తెలుసు, డిస్కు తెచ్చిచ్చింది స్టూడియో మనిషే, పెట్టె మీద ఏదైనా రాసి ఉందేమో చూడమన్నాడు.

ఆ పెట్టె ఇన్‌స్పెక్టర్ బల్ల మీద ఉంది.

ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు నిదానం చేతి కింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు కనబడితే లేచి నిలబడడు, కానీ గురువుగారూ అని పిలవడం మాత్రం మానడు. ఆ పిలుపులో ఎంత మర్యాద ఉందో, కాఫీ అయిపోయిన గ్లాసులో అంత కాఫీ ఉంటుంది.

"చూడండి గురువుగారూ, మీరు మళ్ళీ అడగాలనుకుంటే మళ్ళీ వేస్తా," అంటూ గదిలో ఉన్న పాత డబ్బా టీవీలో డిస్కు పెట్టాడు.

బొమ్మ టీవీ నిండా వచ్చింది. వేదిక వెనక తెర మీద పెద్ద పెద్ద కాగితం పువ్వులు వరసగా అంటించి ఉన్నాయి. పెద్దావిడ మైకు ముందు మాట్లాడుతోంది. కోడలు ఎడమవైపు కుర్చీలోంచి లేచింది. ఆవిడ వెనకనుంచి నడిచి, ఖాళీ చేతులతో కుడివైపుకి వెళ్ళి బొమ్మలోంచి మాయమైంది. మళ్ళీ వచ్చేసరికి చేతిలో గ్లాసు ఉంది. బల్ల అన్నది మచ్చుకైనా లేదు.

ఇన్‌స్పెక్టర్ బొమ్మని ఆపాడు. వేదిక దిగి, తెర వెనక్కి పోయి, మందు కలుపుకుని వచ్చింది, ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది అన్నాడు. తప్పు చేసిన మనిషి లేని బల్లని పుట్టించుకుంటుంది, అది మామూలే అన్నాడు.

నిదానం మళ్ళీ వేయమన్నాడు. రెండోసారి కోడల్ని చూడలేదు, పెద్దావిడని చూశాడు. మైకు టీవీ మధ్యలో లేదు, కుడికి ఒరిగి ఉంది. ఎడమవైపు అతిథులూ, వాళ్ళ పక్కన ఒట్టి తెర, దానిమీద ఒక పువ్వు. సభ చేయించుకున్నావిడని ఓ పక్కకి నెట్టి ఒట్టి తెరని చూపించే కెమెరామన్ ఎవడని అడిగాడు.

"మెల్లకన్నేమో పాపం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "దాన్ని కూడా అరెస్టు చెయ్యమంటారా?"

నిదానం పెట్టె వెనక స్టూడియో అడ్రసు చదువుకుని లేచాడు.

*

స్టూడియో ఒక మందుల షాపుకీ, కుట్టుమిషన్ల రిపేరు కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉంది. ముందు గదిలో గోడకి కొత్త వెడల్పాటి టీవీ. అందులో ఎవరిదో పెళ్ళి వీడియో నడుస్తోంది. పెళ్ళికూతురు నుంచి వంటవాడి దాకా అందరూ బస్తాల్లా ఉబ్బిపోయి ఉన్నారు. చేతి గడియారం కూడా కోడిగుడ్డులా ఉంది. నిదానం ఒక నిమిషం నిలబడి చూసి, వీళ్ళింట్లో అందరూ ఇంత లావా అని అడిగాడు.

స్టూడియో ఆయన నొచ్చుకున్నాడు. అది పాత టీవీలకి సరిపడేలా తీసిన బొమ్మ, నాలుగు వెడల్పుకి మూడు ఎత్తు. ఈ కొత్త టీవీ పదహారు వెడల్పుకి తొమ్మిది ఎత్తు. ఉన్నదున్నట్టు వేస్తే రెండు పక్కలా నల్లగా మిగిలిపోతుంది. ఇంత డబ్బు పోసి టీవీ కొని పక్కలు నల్లగా వదిలేస్తే వచ్చినవాళ్ళు నవ్వరా, అందుకని సాగదీసి పెట్టానన్నాడు. మనుషులు లావైతే ఫర్వాలేదు, టీవీ మాత్రం నిండాలి. నిదానానికి ఆ తర్కం కొత్తగా అనిపించలేదు. మనుషుల్ని ఏం చేసైనా సరే డబ్బా నింపాలనే ఆఫీసులోనే తను కూడా పని చేశాడు.

బొత్తాల ఫ్యాక్టరీ సభ ఎలా తీశావని అడిగాడు.

వెడల్పుగానే తీశానన్నాడు ఆయన. కానీ పెద్దావిడ ఇంట్లో ఉన్నది పాత డబ్బా టీవీ. వెడల్పు బొమ్మ దాంట్లో వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, బొమ్మ చిన్నదైపోతుంది. అలాంటివాళ్ళకి ఫుల్ కాపీ చేసి ఇస్తారు. కంప్యూటర్లో ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే నడిమి భాగం ఉంచి రెండు పక్కలా సమానంగా కోసేస్తుంది. మిగిలింది డబ్బా టీవీకి నిండుగా సరిపోతుంది.

"పక్కల ఉన్నవాళ్ళు ఏమైపోతారు?"

"పోతారు సార్. పక్కన నిలబడ్డవాడు ఎప్పుడైనా ఫిర్యాదు చేశాడా? అందరికీ మధ్యలో ఉన్నవాళ్ళే కావాలి. నేనైతే బటన్ నొక్కి భోజనానికి పోతా. వచ్చేసరికి తయారు."

"వెడల్పుది ఉందా?"

స్టూడియో ఆయన నీళ్ళు నమిలాడు. వద్దు, చెరిపెయ్యమన్నారు, కెమెరాలోది చెరిపేశాను అన్నాడు. నిదానం అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు. అప్పుడు చెప్పాడు. చెరిపెయ్యకముందే ఒక డిస్కు రాసి పెట్టుకున్నాడు. తెర పువ్వులు బాగా వచ్చాయి, వచ్చినవాళ్ళకి తన పనితనం చూపించుకోవచ్చని. ఇంటివాళ్ళకి తెలిస్తే బాగుండదని బతిమాలుతూ, వెనక గదిలో పని చేసుకునే బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ ఉన్నదీ డబ్బా టీవీయే. డిస్కు పెట్టి ఇచ్చి, ముందు గదిలో ఎవరో ఫోటోకి వచ్చారని పిలిస్తే వెళ్ళిపోయాడు.

నిదానం ఆ బల్ల ముందున్న స్టూలు లాక్కుని టీవీకి మొహం ఆనించినంత దగ్గరగా కూర్చున్నాడు. ఆయన చెప్పినట్టే పైనా కిందా నల్ల పట్టీలు. నడుమ బొమ్మ సగం చిన్నదైనట్టుంది. మనుషులు చీమల్లా ఉన్నారు. కానీ ఆ చిన్న బొమ్మలో కుడివైపు, ఇన్‌స్పెక్టర్ బొమ్మలో లేని చోట, ఒక బల్ల ఉంది. బల్ల మీద జగ్గు ఉంది, గ్లాసు ఉంది. కోడలు లేచింది, ఆవిడ వెనకనుంచి నడిచింది, బల్ల దగ్గర ఆగింది, గ్లాసు తీసుకుంది, వెనక్కి తిరిగింది. వేదిక దిగలేదు. తెర వెనక్కి పోలేదు.

వెనక్కి తిప్పి మళ్ళీ చూశాడు. కోడలు లేవడానికి కాస్త ముందు, కుడి అంచున తెర కదిలింది. తెర చీలికలోంచి ఒక చెయ్యి వచ్చింది. లేత రంగు పొడుగు చేతుల చొక్కా. ఆ చెయ్యి గ్లాసు మీద ఆగి, దేన్నో వంచి, వెనక్కి పోయింది. మొహం లేదు. చెయ్యి మాత్రమే.

నిదానం ఊపిరి పీల్చుకుని మేనమామకి ఫోన్ చేశాడు. ఇంకో కాపీ దొరికింది, మీ ఇంటి కోడలు అబద్ధమాడలేదు, బల్ల ఉంది, స్టూడియోలోనే ఉన్నాను అని చెప్పాడు. అవతల కాసేపు ఉలుకూ పలుకూ లేదు. ఆనందంతో నోరు పెగలడం లేదనుకున్నాడు. తరవాత మేనమామ, ఎవరికీ చూపించకండి, అక్కడే ఉండండి, బయల్దేరుతున్నా అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకునేలోపే గుమ్మం దగ్గర బూట్ల చప్పుడైంది. మేనమామ కాదు, ఇన్‌స్పెక్టర్. తన వెనక మనిషిని పెట్టాడన్నమాట. ఆ విద్య కూడా నేర్పింది తనే.

"ఏం గురువుగారూ, సాక్ష్యాలు తయారుచేసే చోటికే వచ్చారా?"

నిదానం డిస్కు మొదట్నుంచీ వేశాడు. ఇన్‌స్పెక్టర్ చివరిదాకా చూశాడు. బల్ల చూశాడు, చెయ్యి చూశాడు. మొహంలో రంగు మారింది గానీ నోరు మారలేదు.

"ఇదేం బొమ్మ? సగం నల్లగా మూసేసి ఉంది. పైన ఏం దాచారు, కింద ఏం దాచారు? నా దగ్గరున్నది టీవీ నిండా ఉంది. నిండా ఉన్నదాన్ని వదిలేసి సగం ఉన్నదాన్ని జడ్జిగారు చూడాలా?"

"నీ డిస్కు తెచ్చావా?"

తెచ్చాడు. కోర్టుకి పట్టుకెళ్ళే సంచీలోనే ఉంది. నిదానం దాన్ని పెట్టి, సభ మొదట్లో అతిథులు కూర్చుంటున్న బొమ్మ దగ్గర ఆపి, తెర మీద పువ్వులు లెక్కపెట్టమన్నాడు. ఇన్‌స్పెక్టర్ విసుక్కుంటూ లెక్కపెట్టాడు. ఆరు. తరవాత వెడల్పు డిస్కు పెట్టి, అదే బొమ్మ దగ్గర ఆపి, మళ్ళీ లెక్కపెట్టమన్నాడు. ఎనిమిది.

"నిండుగా ఉన్నదాంట్లో ఆరు. సగం ఉందన్నదాంట్లో ఎనిమిది. నల్ల పట్టీల కింద ఏమీ లేదు నాయనా. వెడల్పాటి బొమ్మ ఈ డబ్బాలో పట్టక చిన్నదైతే మిగిలిన ఖాళీ అది. నీ బొమ్మ నిండింది పక్కలు కోస్తే."

బల్ల మీద పాస్‌పోర్టు ఫోటోలు పెట్టే అట్ట కవర్లు పడి ఉన్నాయి. నిదానం రెండు తీసుకుని టీవీకి అటూ ఇటూ అడ్డం పెట్టాడు. ఎడమ పక్క ఒక పువ్వు మూసుకుపోయింది, కుడి పక్క ఒక పువ్వు మూసుకుపోయింది. మధ్యలో మిగిలింది అచ్చం ఇన్‌స్పెక్టర్ బొమ్మ. పెద్దావిడ కుర్చీ నట్టనడుమ ఉంది.

ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకున్నాడు. సరే, బల్ల ఉంది, ఒప్పుకుంటానన్నాడు. కానీ ఆ చెయ్యి ఎవరిదైనా కావచ్చు. తెర వెనక ఈవిడ పెట్టించిన మనిషే కావచ్చు. మొహం లేని చెయ్యిని చూపించి హత్య కేసులో మనిషిని వదిలెయ్యమంటే పై అధికారులు తన చెవులు మెలిపెడతారన్నాడు. గడియారం చూసుకుని, వ్యాను రెండున్నరకి బయల్దేరుతుందని కూడా గుర్తు చేశాడు.

అందులో న్యాయం ఉంది. నిదానానికి అదే నచ్చలేదు. అట్ట కవర్లు చేతిలో ఉండగానే డిస్కుని ముందుకి నడిపి, పెద్దావిడ మాట్లాడుతున్న చోట ఆపాడు. అలవాటుగా రెండు పక్కలా కవర్లు పెట్టాడు. మిగిలిన బొమ్మలో రెండు నుంచి ఏడు దాకా పువ్వులు ఉన్నాయి. ఏడో పువ్వు కింద బల్ల ఉంది.

చేతులు అలాగే ఆగిపోయాయి.

నడిమి భాగం ఉంచి రెండు పక్కలా కోస్తే బల్ల ఫుల్ కాపీలో కనబడి తీరాలి. కానీ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఉన్నదాంట్లో కనబడలేదు. నిదానం ఎడమ కవరు తీసేశాడు. రెండూ కలిపి కుడివైపే పెట్టాడు. ఏడో పువ్వూ ఎనిమిదో పువ్వూ మూసుకుపోయాయి, బల్ల పోయింది, చెయ్యి పోయింది. ఎడమవైపు ఒట్టి తెర, ఒక పువ్వు. పెద్దావిడ కుడికి ఒరిగింది. పొద్దున స్టేషన్‌లో చూసిన బొమ్మ ఇదే.

"మెల్లకన్ను కెమెరావాడికి కాదు," అన్నాడు మెల్లగా.

ఇన్‌స్పెక్టర్‌కి వెంటనే అర్థం కాలేదు. నిదానం విడమరిచి చెప్పాడు. ఈ స్టూడియో ఆయన బటన్ నొక్కి భోజనానికి పోయే రకం. డిస్కు మొత్తం నడిమి భాగమే ఉంచాడు, ఎక్కడా జరపలేదు. ఈ ఒక్క చోట మాత్రం కోత ఎడమకి జరిగింది. సరిగ్గా హాలు మనిషి బల్ల తెచ్చి వేసేముందు జరిగి, బల్ల తీసేశాక మళ్ళీ మధ్యకి వచ్చింది. పొరపాటైతే ఇంత బుద్ధిగా వచ్చి ఇంత బుద్ధిగా పోదు.

"ఎవరో పెద్దావిడ పోయాక సాక్ష్యం మాపడానికి చేసుంటారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఈ డిస్కు ఆవిడ ఎప్పుడు చూసింది?"

ఇన్‌స్పెక్టర్ సంచీలోని కేసు కాగితాలు తిరగేశాడు. ఆవిడ అదే రోజు సాయంత్రం చూసింది. తన కేసులో తను రాసుకున్న మాటే అది.

"అంటే కోసేటప్పటికి ఆవిడ బతికే ఉంది. ఇంట్లో కూర్చుని డిస్కు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తోంది. అప్పటికి హత్య లేదు, అనుమానం లేదు, నువ్వు లేవు, నేను లేను. ఆ బల్ల దగ్గర దాచాల్సింది ఒకటి ఉందని లోకంలో ఒక్కడికే తెలుసు. ఆ చెయ్యి ఎవరిదో ఆ చెయ్యికి తెలుసు. కోసేటప్పుడు ఈ స్టూలు మీద కూర్చుని ఎవరు జరపమన్నారో తేలితే చాలు."

ఈసారి ఇన్‌స్పెక్టర్ గురువుగారూ అనలేదు. ముందు గదివైపు తిరిగి స్టూడియో ఆయన్ని కేకేశాడు. ఫోటో గదిలోంచి, వస్తున్నా సార్, గడ్డం కాస్త పైకెత్తండమ్మా, అని రెండు మాటలూ కలిపి వినబడ్డాయి.

స్టూడియో ఆయనకి ముందు వచ్చింది మేనమామ.

చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. ఇన్‌స్పెక్టర్‌ని చూసి గుమ్మంలో ఒక్క క్షణం తటపటాయించాడు. అంతలోనే తేరుకుని, నిదానం చేతులు రెండూ పట్టుకుని, మా ఇంటి పరువు కాపాడారు, పాపకి తల్లిని తెచ్చిచ్చారు అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ఈ సందుల్లో స్టూడియో పట్టుకోవడానికి నానా తంటాలు పడ్డానన్నాడు. నిదానం ఆ మాట దగ్గర ఆగిపోయాడు. ఫోన్‌లో స్టూడియోలో ఉన్నానన్నాడే గానీ అడ్రసు చెప్పలేదు. మేనమామ అడగనూ లేదు.

"ఏదీ, ఆ డిస్కేనా?" అంటూ మేనమామ జేబురుమాలు తీసి, ప్లేయర్ లోంచి తనే బయటికి తీసుకున్నాడు. పసిబిడ్డని ఎత్తుకున్నంత జాగ్రత్తగా రుమాల్లో పెట్టుకున్నాడు. లాయరుగారు బయట కార్లో ఉన్నారు, ఆయన చేత్తోనే కోర్టులో పెట్టిస్తే బలంగా ఉంటుంది అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ నిదానం వంక చూశాడు. నిదానం ముందు గది వైపు చూశాడు, స్టూడియో ఆయన ఇంకా రాలేదు. ఇన్నాళ్ళ ఉద్యోగంలో ఎన్నిసార్లు మోసపోయాడో వేళ్ళ మీద చెప్పగలడు గానీ, ఇంత శుభ్రంగా ఎప్పుడూ మోసపోలేదు. ఈ పెద్దమనిషి తనని పెట్టుకున్నది కోడల్ని విడిపించడానికి కాదు. మిగిలిన ఒక్క డిస్కూ ఎక్కడుందో వెతికించుకోవడానికి. వేటకుక్కలా వాసన పట్టి, తెచ్చి, కాళ్ళ దగ్గర పెట్టాడు తను.

అయినా అది తన ఊహ మాత్రమే. స్టూలు మీద కూర్చున్నది ఎవరో ఇంకా ఎవరూ చెప్పలేదు.

అప్పుడు స్టూడియో ఆయన చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. ముందు ఇన్‌స్పెక్టర్ యూనిఫాం చూసి బిక్కచచ్చిపోయాడు. తరవాత మేనమామని చూసి, తెలిసిన మొహం దొరికినందుకు ప్రాణం లేచివచ్చినట్టు నవ్వాడు. స్టూలుని గబగబా తన చొక్కా అంచుతో దులిపి ఆయన ముందుకి జరిపాడు.

"మీరా సార్, రండి రండి, మొన్నటిలాగే కూర్చోండి. మళ్ళీ ఏమైనా జరపాలా? ఈసారి ఎటు జరపమంటారు?"

ఇన్‌స్పెక్టర్ మేనమామ వైపు తిరిగాడు. స్టూడియో ఆయన నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది. తనేదో తప్పు మాట అన్నానని అర్థమై, ఏది తప్పో అర్థం కాక, పోలీసుల ముందు తన నిజాయితీ నిరూపించుకోవాలనుకున్నాడు కాబోలు, ఇంకో మాట కలిపాడు. మీరే కదా సార్, అక్కగారు మధ్యలోకి రావాలి, కొంచెం ఎడమకి జరుపు అన్నారు, జరిపితే ఆవిడ ఇంకా పక్కకి పోతుందని నేను చెప్పాను కూడా అన్నాడు.

రుమాల్లోంచి టప్‌మని చిన్న చప్పుడు వచ్చింది.

మేనమామ మొహంలో ఏ మార్పూ లేదు. కన్నీళ్ళు ఇంకా ఆరలేదు. ఆయన వేళ్ళు మాత్రం రుమాలుని మళ్ళీ మడిచాయి, మళ్ళీ నొక్కాయి. ఇంకో చప్పుడు. తరవాత రుమాలు విప్పి, నాలుగు ముక్కలుగా విరిగిన డిస్కుని స్టూలు మీద పెట్టాడు.

"అయ్యో," అన్నాడు. "చెయ్యి వణికింది. పెద్దవాణ్ణి కదా. ఇప్పుడు మీ దగ్గర ఏముంది ఇన్‌స్పెక్టర్ గారూ? నిండుగా ఉన్న డిస్కు ఒకటుంది. అందులో బల్ల లేదు."

నిదానం ముక్కల వంక చూశాడు. చెరిపేసిన కెమెరా, విరిగిన డిస్కు. ఇక కోర్టు చూడబోయేది గ్లాసుతో నడిచొచ్చే ఒక ఆడపిల్లని మాత్రమే. మేనమామ రుమాలు దులిపి జేబులో పెట్టుకుని గుమ్మం వైపు నడిచాడు.

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ అడ్డం నిలబడ్డాడు.

"నాకు డిస్కులూ కొలతలూ అర్థం కావండీ," అన్నాడు. "మా గురువుగారు పువ్వులు లెక్కపెట్టమంటే లెక్కపెట్టాను, అంతే. కానీ కోడల్ని విడిపించే ఒక్క సాక్ష్యాన్ని ఆమె తరఫు మనిషి నా కళ్ళ ముందే రెండుసార్లు విరిచాడు. అది మాత్రం నాకు బాగా అర్థమైంది. దానికి టీవీ అక్కర్లేదు."

ఒక చేత్తో తలుపు గడియ పెట్టి, రెండో చేత్తో స్టేషన్‌కి ఫోన్ చేశాడు. అవతల ఎత్తినవాడితో వ్యాను ఆపమన్నాడు. బయల్దేరిపోయిందని చెప్పినట్టున్నారు. ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచకుండానే, అయితే ఎక్కడుంటే అక్కడ ఆపి, ఆ అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టి వెనక్కి తీసుకురమ్మన్నాడు. వెనక సీటు ఖాళీగా ఉంచమన్నాడు.